భాగీరథికి గరిజెలు

12 సెప్టెంబర్, శుక్రవారం

నా పెండ్లాం భాగీరథి పోయి యాడాది దాటింది. పోయిన నెలనే యాడాది మాసికం చేసినం. ఇగ ఇంట్ల పండుగ వంటలకు నూనె మూకుడు పెట్టొచ్చు.

21 నాడు పెత్రమాస. పోయినోళ్లు ఇష్టంగ తిన్నది చేసి ఫోటో ముందట పెట్టాలె. పెట్టకపోతే ఆకలితోని మర్లిపోతరు. మల్ల యాడాది దాక రారు. మా ఇంట్ల ఇదే పద్ధతి.

కోడలు సుభాషిణి ఈడ సూరత్‌ల చీరెలకు స్టోన్లు అంటించే పనికి పోతది. టైం ఉండదు. బమ్రోలి రోడ్డు మీద షాపుల కిలో మిఠాయి తెద్దాం మామా అన్నది. వద్దన్న. నలభై ఏండ్ల సంది ఈ ఇంట్లకు బజారు మిఠాయి రాలే. నేను రానియ్యలే. పండుగకు కొనుక్కొచ్చేది చేతగానోళ్లు. పెండ్లయిన కొత్తల భాగీరథికి గూడ ఇదే చెప్పిన. మల్ల చెప్పే పని పడలే.

పండుగకు భాగీరథి చేసే గరిజెలు నేనే చేస్త అన్న. కొడుకు నరహరి నవ్విండు. చాయ పెట్టుడు రాదు, నీకు గరిజెలు వస్తయా అన్నడు. మిల్లుల బట్ట నేసే సాంచెలు నాలుగు ఒక్కన్నే నడిపిన, పిండి ముద్దను నడపనా అన్న.

13 సెప్టెంబర్

ఈ డైరీ మిల్లుల సేటు ఇచ్చింది. ఎనిమిదేండ్ల కింద, నన్ను పనిల నుంచి బంద్ చేసిన రోజు. మూడో తరగతి చదివిన. తప్పులుంటే ఉండనీ, ఎవలు చదువుతరు. సాంచెల చప్పుడుకు చెవులు పోయినయి. మాట్లాడుడు కన్న రాసుడే నయం.

14 సెప్టెంబర్, ఆదివారం

గరిజెలు ఒత్తే చెక్క దొరికింది. మంచం కింద, బట్టల మూటల.

సూరత్ వచ్చిన మొదటి దసరకు పాండేసరల ఒక్క రూం. నేను డ్యూటీకి పోంగ భాగీరథి స్టవ్ ముందట కూసున్నది. తెల్లారి నేను వచ్చేసరికి డబ్బ నిండ గరిజెలు. పుట్నాల పొడి, ఎండు కొబ్బరి, చక్కెర, ఇలాచి. మిల్లుకు పట్టుకపోయిన. ఒడియా పిలగాండ్లు, యూపీ భయ్యాలు, అందరు తిన్నరు. మాస్టర్ నాలుగు తిని, నీ పెండ్లాం చెయ్యికి దండం పెట్టాలె అన్నడు. నా పెండ్లాం అని ఛాతీ ఇంత చేసిన.

అప్పటి సంది ప్రతి దసరకు అంతే. డబ్బ నిండేది. నేను తినేది.

ఆమె ఒక్క గరిజె తింటుంటె నేను చూసిన యాది లేదు. ఇయ్యాల పొద్దుగాల సంది అదే సోంచాయిస్తున్న.

17 సెప్టెంబర్

మొత్తం పారేసినం.

పిండి నేనే పిసికిన. పొడి నేనే దంచిన. చెక్కల ఒత్తి అంచు మలుస్తున్న. సుభాషిణి డ్యూటీ నుంచి వచ్చి వెనుక నిలబడ్డదట. నాకు వినవడలే. మామా ఏం చేస్తున్నవు అని చెయ్యి పట్టుకున్నది.

అంచు ఒత్తేటందుకు వేలు నాలిక మీద పెట్టుకుంటున్న. ఒక్కదానికి కాదు, అన్నిటికి. నలభై ఏండ్లు దారం తెగితే వేలు తడి చేసి పురి పెట్టి ముడేసిన. ఆ అలవాటు. నాకే ఎరుక లేదు.

పోయినోళ్లకు ఎంగిలి పెడుతరా మామా అన్నది. కోపం లేకుండనే అన్నది. నేను పెద్దగ ఒర్రిన. మీ అత్తకు నా ఎంగిలి కొత్తనా అన్న. తర్వాత నేనే గిన్నె పట్టుకపోయి గల్లీల ఆవుకు పెట్టిన. అది తిన్నది.

18 సెప్టెంబర్

చెయ్యలే. పండుకున్న.

19 సెప్టెంబర్, శుక్రవారం

బిడ్డ సంధ్యారాణికి సిరిసిల్లకు ఫోన్ చేసిన, కొలతలు అడుగుదామని. స్పీకర్ పెట్టి చెవికి ఆనిచ్చుకుంటెనే వినవడుతది. గరిజెలు ఎందుకు నాయినా, అవి నీకు ఇష్టం గాని అమ్మకు కాదు గద అన్నది.

మరి అమ్మకు ఏంది ఇష్టం అన్న.

అందరు తిన్నంక ఏది మిగులుతే అది తినేది నాయినా అన్నది. తర్వాత ఏడ్చింది. ఫోన్ పెట్టేసిన.

నరహరిని అడిగిన. గులాబ్ జామున్ కావచ్చు అన్నడు. కావచ్చు అంటడు. కన్న కొడుకు.

నేను గూడ అంతే.

20 సెప్టెంబర్, శనివారం, పగలు

షేర్ ఆటోల ఉధ్నా పోయిన, భాగీరథి దోస్తు చిన్నవ్వ ఇంటికి. భాగీరథి, చిన్నవ్వ ఇద్దరు ఒక్క షెడ్డుల ఇరవై ఏండ్లు దారం కండెలు చుట్టిండ్రు.

అడిగిన. ముందుగాల నవ్వింది. నలభై ఏండ్లు సంసారం చేసి ఇప్పుడు నన్ను అడుగుతున్నవా బావా అన్నది. అడుగుతున్న, చెప్పు అన్న.

ఘారీ అన్నది.

ఈడ దసర పోయినంక పున్నమ తెల్లారి చాందనీ పడ్వో పండుగకు తింటరు గద, లోపట కోవ పెట్టి నెయ్యిల ముంచింది, అది. ప్రతి యాడాది ఆ రోజు షెడ్డు ఇడిసినంక ఇద్దరు కలిసి ఒకటి కొనేటోళ్లట. చెరి సగం. షాపు ముందటనే నిలబడి తినేటోళ్లట. భాగీరథి కాయిదానికి అంటిన నెయ్యి గూడ నాకేదట. మూతి కొంగుతోని తుడుచుకొని, ఏమన్న అంటుకుందా చూడే, మా ఆయన చూస్తె ఇంట్లకు రానియ్యడు అనేదట.

అంత బాగుంటదా అని చిన్నవ్వ ఒకసారి అడిగిందట. దాంట్ల నా చెయ్యి పడలే గదనే, అందుకే బాగుంటది అన్నదట.

అబద్ధం అన్న. అబద్ధం ఆడితె నాకేం వస్తది, ఘారీ సేటు కమిషన్ ఇస్తడా అన్నది. చాయ పెట్టింది. తాగకుండ లేచిన.

వచ్చేటప్పుడు దారిల మిఠాయి షాపు ఉన్నది. ఆటో ఆపలే.

అదే రోజు, సాయంత్రం

గరిజెలు చేసిన. పక్కకు గిన్నెల నీళ్లు పెట్టుకొని, నీళ్లల్ల వేలు ముంచి ఒత్తిన. సుభాషిణి ఎదురుంగ కూసొని నా చేతినే చూసింది. ముప్పై ఏడు అయినయి. ఆరు నూనెల పగిలినయి.

21 సెప్టెంబర్, పెత్రమాస

పెట్టిన. దీపం ముట్టిచ్చిన. ఊదు ఏసిన. దండం పెట్టిన.

నరహరి నాలుగు తిన్నడు. అమ్మ చేసినట్టే ఉన్నయి నాయినా అన్నడు. నేను మూడు తిన్న. మంచిగున్నయి. నాకు ఇష్టం గద.

22 సెప్టెంబర్

డబ్బల ఇంక ఇరవై ఉన్నయి.

29 సెప్టెంబర్

మల్ల పెత్రమాస వచ్చే యాడాది. నాకిప్పుడు డెబ్బై ఒకటి.

7 అక్టోబర్

చాందనీ పడ్వో. షాపు ముందట గంట నిలబడ్డ. ముందటోళ్లు కిలోలు కిలోలు డబ్బలు కట్టిచ్చుకుంటున్నరు. ఎన్ని కిలోలు కాకా అన్నడు షాపోడు. ఒక్క ఘారీ అన్న. మల్ల అడిగిండు. ఒక్కటే అన్న.

ఇంటికి తెచ్చి స్టీలు ప్లేట్ల ఫోటో ముందట పెట్టిన. సుభాషిణి పని నుంచి వచ్చి చూసింది. ఎక్కడిది మామా అన్నది.

నేనే చేసిన అన్న.

అడుగున షాపు కాయిదం ఇంక అంటుకొనే ఉన్నది.