టవర్ అర్జీలో నా సంతకం ఉండదు

కళింగపట్నం,
శుక్రవారం.

ఎల్లాజీ బావకి,

నీ ముందు నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. నువ్వు పంపిన అర్జీ చదివాను. మా ఇంటి పక్క సెల్ టవర్ వల్లే నీ చెల్లెలికి తలనొప్పి వచ్చిందని రాశావు. అడుగున నా పేరూ నువ్వే రాసేశావు. నేను సంతకం పెట్టను.

టవర్ నిరుడు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఆమె ఎండుచేపల గంప దింపి, తల పట్టుకుని కూలబడింది. ఆసుపత్రికి తీసుకెళ్లింది మనిద్దరమే. బీపీ అన్నారు. మరిచిపోయావేటి?

టవర్ మంచిదో చెడ్డదో నాకు తెలీదు. అధికారుల్ని వచ్చి దాని రేడియేషన్ కొలిచి చెప్పమని అర్జీ రాయి, మొదటి సంతకం నాది.

నీ మాట విన్నకాడినుంచి ఆమె బీపీ మాత్రలు మానేసింది. పది రోజులైంది. "టవరు పోతే నొప్పీ పోతాది, మా అన్న సెప్పినాడు. బిళ్ళలెందుకు?" అంటాది. నిన్న గుమ్మం దగ్గర తూలి పడబోయింది.

ఊరంతా నన్ను టవర్ కంపెనీ మనిషన్నా సరే, ఆ మాట పడతాను. రేపు నువ్వే వచ్చి, తప్పు చెప్పానని నీ నోటితో ఆమెకి చెప్పు. మాత్ర నీ చేత్తో మింగించు. అర్జీ ఆ మాత్రల డబ్బా కిందే పెట్టాను. ఆమె మింగినాకే తీసుకెళ్లు. అందులో నా పేరు నేనే కొట్టేశాను.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు