క్రౌడ్ చీరింగ్

మార్చి 3

ఇవాళ మళ్లీ ఎడిటర్ గారి చేత చీవాట్లు. సబ్‌టైటిల్స్‌లో చప్పుళ్లు కూడా రాయాలి, వినపడనివాళ్లకు అవే చెవులు. జనం ఒక కేక వేసి ఆగిపోతే ‘క్రౌడ్ చీర్స్’ అట. కేకలు సాగుతూనే ఉంటే ‘క్రౌడ్ చీరింగ్’ అట. ఆరేళ్లుగా రాస్తున్నాను, ఇంకా తడబడతాను. ఒక్క ఐఎన్‌జీ కోసం ఇంత రాద్ధాంతమా!

మార్చి 6, ఉదయం 11

కొత్త ఫైలు. ఆటల్లో జరిగిన ప్రమాదాల మీద డాక్యుమెంటరీ. మొదటి క్లిప్ ఫుట్‌బాల్ ఫైనల్. పసుపు చొక్కా గోల్‌కీపర్ అన్నయ్య.

మార్చి 6, సాయంత్రం

పన్నెండేళ్లయింది. ఆ రోజు నాకు పరీక్ష, అమ్మకు ఫ్యాక్టరీలో డ్యూటీ. ఇద్దరం చూడలేదు. బంతి కోసం దూకి, గోల్‌పోస్టుకు తల కొట్టుకుని పడ్డాడు. మళ్లీ లేవలేదు. అమ్మకు అప్పటికే చెవులు పోయాయి. జనం ఏమన్నారే అని పదేపదే అడిగింది. అందరూ లేచి మౌనంగా నిలబడ్డారని కాగితం మీద రాసిచ్చాను. నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు.

క్లిప్‌లో బంతి లోపలికి పోయింది. అవతలి జట్టుకు గోల్. అన్నయ్య పడి ఉన్నాడు, జనం కేకలు వేస్తున్నారు. నలభై ఒక్క సెకన్లు.

మార్చి 7

‘క్రౌడ్ చీర్స్’ అని రాసి పంపేశాను.

మార్చి 8

తిరిగొచ్చింది. వాళ్లు ఆపలేదు కదమ్మా, మళ్లీ విను అన్నారు ఎడిటర్ గారు. ఆ పడి ఉన్నది మా అన్నయ్య సార్ అన్నాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఫైలు వేరేవాళ్లకు ఇస్తానన్నారు. వద్దన్నాను. ఎస్ తీసి ఐఎన్‌జీ పెట్టాను.

మార్చి 15

వచ్చే వారం టీవీలో వస్తుందట. నేను రాసినవి అమ్మ ఒక్కటీ వదలదు. అందుకే నేనే ల్యాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాను. అప్పుడు రాసిచ్చింది అబద్ధమని కూడా రాసి చూపించాను. అమ్మ క్లిప్ మొత్తం చూసింది. అమ్మకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. చీరింగ్ అంటే ఏడవడమా అని అడిగింది.

అవునని తలూపితే సరిపోయేది. కాదమ్మా, సంతోషంతో కేకలు అని రాశాను.

మళ్లీ పెట్టమంది. మూడుసార్లు చూసింది. తర్వాత నెమ్మదిగా, అయితే ఆ కేకలు వాడికి వినపడే ఉంటాయే అంది. బంతి ఆపాననుకునే పోయుంటాడు నా బిడ్డ అంది.

మార్చి 16

అమ్మ అట్టపెట్టెలోంచి అన్నయ్య గ్లవ్స్ తీసి ఉతికింది. ఆరాక తన చేతులకు తొడుక్కుంది. బాగా వదులు.