పంటు మీద పేరు పెట్టమని అడిగాను

చిన్నత్తా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ శుభాశుభ సందర్భాన నీ మేనల్లుడు, అనగా బీకాం పట్టభద్రుడనైన నేను, నీ పుస్తకానికి పేరు మార్చ నిశ్చయించాను. కోప్పడకు. ‘దివ్య తరంగ మంజరి’ అని నువ్వు పెట్టిన పేరు చూసి ఊళ్ళో అందరూ స్తోత్రాలనుకున్నారు. బొట్టు పెట్టి దేవుడి గూట్లో ఉంచారు. లోపలున్నవి నవ్వుల కథలని ఎవరికీ తెలియలేదు. ఒక్కరైనా నవ్వగా చూడకుండానే నువ్వు వెళ్ళిపోయావు.

అందుకే ఈ ఉదయం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి మధ్యకి చేరాక, మంచి పేరు చెప్పమని జనాన్ని అడిగాను. మంచులో రెండు ఒడ్డులూ మాయమై, పంటు మబ్బు మీద తేలుతున్నట్టుంది.

“మా మనవరాలి పేరు పెట్టేయండి, కలిసొస్తాది,” అన్నాడు కొబ్బరికాయల వ్యాపారి.

“కథ వినకుండా పేరేంటండీ, మీ మొహం!” అంది చేపల బుట్టావిడ. “చదవండి బాబూ.”

“ఆయ్,” అని, వియ్యపురాలి కథ ఎత్తుకున్నాను. ఆవిడ మర్యాదకి పూతరేకు వద్దనడం, పెళ్ళివారు నిజమనుకుని పళ్ళెం తీసేయడం వచ్చేసరికి బుట్టావిడ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు మంచులో అటూ ఇటూ తిరిగి అందరికీ అంటుకుంది.

పంటు ఒడ్డుకు తగిలింది. ఎవరూ దిగలేదు.

“కానివ్వండి, ఆవిడకి పూతరేకు పెట్టేరా లేదా?” అన్నాడు పంటు నడిపే ఆయన, ఇంజను ఆపేసి.

పేరు సంగతి అందరూ మరిచిపోయారు, చిన్నత్తా. నేను కూడా.