ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప

సీతమ్మధార, మంగళవారం

అప్పా,

నిన్న మధ్యాహ్నం మూడున్నరకి మా ఎడిటరు నా వంటింటి చిట్కాల శీర్షిక ఆపేస్తానన్నారు. మేం బాగానే ఉన్నాం, కంగారుపడకు.

ఉప్పెక్కువైన పులుసులో బంగాళాదుంప వేస్తే ఉప్పు లాగేస్తుందని నువ్వు చెప్పావు. నేను చేసి చూడకుండానే అచ్చువేశాను. దువ్వాడ నుంచి జోగమ్మ అనే పాఠకురాలు ఫోన్ చేసింది. "మీ మాట ఇని దుంపలేసినానమ్మా. ఉప్పేటీ తగ్గనేదు. దుంపలు కూడా ఉప్పుకల్లయిపోనాయి" అంది.

అప్పుడు ఒకే పులుసు రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో దుంప వేసి, రెండోదాంట్లో గ్లాసు నీళ్లు పోసి మరిగించాను. నీళ్లు పోసినదాంట్లోనే ఉప్పు తగ్గింది. సవరణ వేద్దామంటే ఎడిటరు, "పులుసుకి సవరణేటండీ, ఓడేమైనా మునిగిందా?" అన్నారు. తప్పు అచ్చయింది, సవరణ పడేదాకా ఇంకో చిట్కా రాయనన్నాను. దాంతో ఆయన శీర్షికే ఆపేస్తానన్నారు. నేను మాత్రం వెనక్కి తగ్గను.

ఫోన్‌లో అయితే పోట్లాడతావని కార్డు రాస్తున్నాను. నువ్వు దుంపతో పాటు నీళ్లు కూడా పోస్తావు కదూ? నిజం చెప్పు, నీ పేరు వేయనులే. ఈ పరీక్షలకి ఇంట్లో చింతపండు అయిపోయింది. బావ ఇటొస్తే రెండు కిలోలు పంపు. పుష్పకి దగ్గు తగ్గిందా? దానికి నా ఆశీస్సులు.

శుక్రవారం పదకొండింటికి సంపాదకవర్గం సమావేశం. స్టవ్, ఆ రెండు గిన్నెల పులుసూ తీసుకెళ్తున్నాను, అందరూ రుచి చూశాకే మాట్లాడతాను.

నీ చెల్లెలు
సుగుణ