మోర్వెన్నా తెచ్చిన బన్నులు

లండన్,
సెప్టెంబరు 2019

అమ్మా,

ఒంట్లో బాగానే ఉంది. టీవీలో నా మొహం చూసి బెంగపడకు.

ఈ ప్రభుత్వాన్ని గద్దె దింపి, బ్రెగ్జిట్ గడువు పొడిగించి, ఎన్నికలు జరిపేదాకా తాత్కాలిక ప్రభుత్వం నడుపుదామని నిన్న ప్రతిపక్షాలవాళ్ళమంతా కూర్చున్నాం. ప్రధాని ఎవరన్న దగ్గరే పేచీ. చివరికి అందరి నోటా ఒకటే పేరు, మన పక్కింటి మోర్వెన్నా, అదే, వేరే పార్టీలో ఉన్న మీ ఎంపీగారు. మా పార్టీ తరపున నేను ఊఁ అంటే చాలు. అనేవాణ్ణే. ఇంతలో ఆవిడ డబ్బా మూత తీసింది. నీ చేతి కుంకుమపువ్వు బన్నులు.

"ఆంటీ చేసిచ్చారు పెరాన్, నువ్వూ ఒకటి తీసుకో," అంది.

స్కాట్లండు పార్టీ ఆయన బన్ను నములుతూనే, "మీ అమ్మ ఓటు కూడా ఈవిడకేనటగా. ఇంట్లోవాళ్ళే ఒప్పుకున్నాక నీ అడ్డేంటయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"మా పార్టీ ఒప్పుకోదు," అని లేచి వచ్చేశాను. దాంతో మాటలు ఆగిపోయాయి, పాత ప్రభుత్వమే మిగిలింది. సిద్ధాంతాల తేడా అని పేపర్లవాళ్ళకు చెప్పాను. వాళ్ళు నిన్ను అడిగినా అదే చెప్పు.

నేను పార్లమెంటుకొచ్చి ఇన్నేళ్ళయింది, నాకు ఒక్క బన్ను పంపావా?

బాయిలరు బాగుచేయించావా? పిల్లి మందు తాగుతోందా? నా నీలం స్వెట్టరు పంపు. చిన్నత్తను అడిగానని చెప్పు.

కోపం తగ్గాక ఆ గదిలోకి వెళ్ళి చూశాను. డబ్బా ఖాళీ. ఈసారి చేస్తే నాకూ పంపు, పోస్టులో. ఆవిడ చేతికి మాత్రం ఇవ్వకు.

నీ పెరాన్