మూత మీది మర

1983 సెప్టెంబరు 8, ఎమ్మిగనూరు

కర్నూలు నుంచి కార్డు వచ్చింది. టీచర్ ట్రైనింగులో సీటు. ఇరవై ఆరో తేదీ లోపల చేరాలి. నాయనకు చదివి వినిపించాను. కార్డు తీసుకుని రెండు వైపులా చూసి, తిరిగి నా చేతిలో పెట్టాడు. "బోటు దావకు రానీ పాపా, పోదువు" అన్నాడు.

నాయన నడిపే బోటు దావకు రావడం లేదు, ఊరికే ఆగిపోతోంది.

సెప్టెంబరు 10

పొద్దున బస్సుకు మంత్రాలయం. నా ఒళ్లో ఇంజిను పుస్తకం — అంతా ఇంగ్లీషు. నాయన ఇన్నేళ్లూ బావుల మీద ఆయిలింజన్లు బాగుచేసిన మనిషి. లాడ్జి శెట్టి యాత్రికులను నదిలో తిప్పడానికి బోటు కొన్నాక దానికి డ్రైవరు, మెకానిక్ అన్నీ నాయనే. చదవడానికి నేను. పోయిన నెల ముఖ్యమైనవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసిచ్చాను. మైదా బంకతో పెట్రోలు ట్యాంకుకు అంటించుకున్నాడు. ఆయనకు తెలుగు అక్షరాలూ రావు; నేను చదువుతుంటే ఒక్కో వరుసా బట్టీ పట్టాడు.

దీని జబ్బు ఇదీ: స్టార్టు బాగా అవుతుంది. నిదానంగా బాగా పోతుంది. రేసు ఇస్తే ఐదు నిమిషాలకు ఎగిరెగిరి పడుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. ఈ రోజు బెంగళూరు వాళ్లతో నది నడుమ ఆగింది. తెడ్లతో ఒడ్డుకు తెచ్చాం. శెట్టి మెట్ల మీద నిలబడి అందరూ వినేటట్లు — "ఈరన్నా, ఇది బోటా, ఎనుమా? నీళ్లల్లో దిగితే లేయదే."

నాయన కూడా నవ్వాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

సెప్టెంబరు 13

ప్లగ్గులు మార్చాం. అదే దగ్గు.

సెప్టెంబరు 15

ఆదోని నుంచి ఖాజా మామ వచ్చాడు, నాయనకు పాత జతగాడు, స్కూటర్ మెకానిక్. పుస్తకంలో రేసు అందుకోకపోతే ఏం చూడాలో ఒక పేజీ ఉంది. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. పెట్రోలులో నీళ్లు. ఫిల్టరులో మురికి. ప్లగ్గు. కార్బరేటరు. నేను చదవడం, వాళ్లు విప్పడం, కడగడం, బిగించడం. సాయంత్రానికి నాలుగూ అయిపోయాయి. ఇంగ ఏముందో సూడు బేటీ, అన్నాడు మామ. ఏమీ లేదు మామా, అన్నాను.

బోటు బాగుపడితేనే కర్నూలు. నా వల్ల బాగుపడితే మాత్రం నన్ను వదులుతారా? ఎటు తిరిగినా ఇక్కడే…

సెప్టెంబరు 17

అమ్మ నాకోసం ట్రంకు పెట్టె దులిపి పెట్టింది. మధ్యాహ్నానికి నాయన అందులో స్పానర్లు సర్దుకున్నాడు. పోయేతప్పుడు ఇస్తాలే, అన్నాడు.

సెప్టెంబరు 19

ఒక వింత. ఇంజిను ఆగినప్పుడల్లా నాయన ట్యాంకు మూత తిప్పి పెట్రోలు చూస్తాడు. మూత వదులు కాగానే ఉస్స్… అని లోపలికి గాలి పీల్చిన చప్పుడు. తర్వాత మళ్లీ ఐదు నిమిషాలు బాగా నడుస్తుంది. పెట్రోలు సగం పైనే ఉంది. మరి ఆ చప్పుడేమిటి?

సెప్టెంబరు 20

పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. ట్యాంకు పేజీ. "మూత మీది చిన్న మర గట్టిగా బిగించాలి" — పుస్తకంలోని స్క్రూను మర అని నేను కాగితంలో రాసినదే. కానీ ఆ వాక్యానికి ముందు ఇంకో ముక్క ఉంది: ట్యాంకును మోసుకుపోయేటప్పుడు. ఇంజిను నడిచేటప్పుడు ఆ మర వదులు చేయాలట, గాలి లోపలికి పోవాలట.

ఆ ముక్క వదిలేసింది నేనే.

కాగితం రాసిచ్చిన రోజు గుర్తుంది. నాయన ఆ మర మీద వేలు పెట్టి అడిగాడు — "గాలి ల్యాకుంటే పెట్రోలు యాడ దిగుతాదమ్మా? మన ఇంజన్ల మూతకు బొక్క ఉంటాది కదా." ఇది ఆయిలింజను కాదు నాయనా, పుస్తకంలో ఇట్లా ఉంది, అన్నాను. నవ్వాను కూడా. చేతికి తెలిసినదాన్ని పక్కన పెట్టి, నా కాగితం ప్రకారం రోజూ పొద్దున్నే ఆ మరను పట్టకారుతో బిగిస్తున్నాడు.

సెప్టెంబరు 21

నాయన తాడు విప్పుతుండగా మర రెండు చుట్లు వదులు చేశాను. అవతలి ఒడ్డు దాకా, తిరిగి ఇవతలికి, పూర్తి రేసులో. ఒక్క దగ్గు లేదు. ఏం జేసినావు, అన్నాడు. మర చూపించాను. పుస్తకంలో దొరికిందా? తల ఊపాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

శెట్టి దగ్గర నాయన — "మా పాప సదివి పట్టినాది. నా తలకాయలో ఏముందన్నా, మన్ను."

అట్లయితే సీజను అయ్యేదాకా ఈడనే ఉండనీ, కర్నూలు యాడికి పోతాది, అన్నాడు శెట్టి. నాయన బోటును గట్టుకు కట్టేశాడు. తిరుగు బస్సులో ఊరు దగ్గర పడుతుంటే అన్నాడు, "వచ్చే ఏడు పోదువులే పాపా. నువ్వు ల్యాకుంటే నేను గుడ్డోన్నే."

సెప్టెంబరు 22

ఇంకా నాలుగు రోజులు. పెట్టెలో స్పానర్లు అట్లాగే ఉన్నాయి.

సెప్టెంబరు 23

కొత్త కాగితం రాయమన్నాడు. పాతది గీకేశాడట. రెండు వరుసలు రాశాను.

ఇంజిను నడిపేటప్పుడు మూత మీది మర వదులు చేయాలి.

ఈ సంగతి ఈరన్న మొదటి రోజే చెప్పాడు. కూతురు తప్పు చదివింది.

నాయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు, బట్టీ పట్టేటప్పుడు ఎప్పుడూ అట్లాగే. మొదటి వరుస చదివాను. అప్పజెప్పాడు. మళ్లీ చదివాను. మళ్లీ అప్పజెప్పాడు, ఒక్క మాట తప్పకుండా. చాలు నాయనా, అన్నాను. కళ్లు తెరిచి కాగితం అందుకున్నాడు. కింది వరుస మీద వేలు పెట్టాడు.

"ఈడ ఇంగోటి రాసినావే. ఇదేంది?"

పొయ్యి మీద బంక మాడుతోందని లేచి వచ్చాను. గిన్నె దించాను. ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. అవతల గదిలో నాయన వేలు ఆ వరుస మీదే ఉండి ఉంటుంది. పాపా, అంటున్నాడు. రెండోసారి…