వినం, పెట్టుకుంటాం

బంగారు తల్లికి,

నాన్న దీవెనలు. మీ అమ్మా నేనూ బాగున్నాం. ఫోను చేయక ఉత్తరం రాస్తున్నానేమిటని అనుకోకు. ఇంత సంగతి ఫోనులో చెప్పడం నా వల్ల కాదు.

నీ ఉత్తరం చదివాను. మీ స్టేషనువాళ్ళు మా ఊళ్ళో ఇంటింటికీ ఫోన్లు చేసి "మీరు రేడియో వింటారా?" అని అడిగారనీ, పదిమందిలో తొమ్మిదిమంది "వినం" అన్నారనీ, మిగిలినవాళ్ళు నాలాంటి ముసలివాళ్ళేననీ, అందుకని పొద్దుటిపూట నీ కార్యక్రమం ఎత్తేసి ఎక్కడినుంచో వచ్చే పాటలు వేస్తారనీ రాశావు. "గోడతో మాట్లాడి జీతం తీసుకోలేను నాన్నా. రాజీనామా రాసి ఉంచాను, నెలాఖరున ఇచ్చేస్తాను. బాధపడకు" అన్నావు. తల్లీ, నేను బాధపడడం లేదు. సంతోషంలో ఒళ్ళు తెలియక ఇవాళ ఒక చొక్కాకి కుడి చెయ్యి తీసుకెళ్ళి ఎడమవైపు కుట్టేశాను. విప్పుతూ కూడా నవ్వుకుంటున్నాను. ఎందుకో చెబుతాను, నింపాదిగా చదువు.

మొన్న గొంతు పట్టేసి నువ్వు సెలవు పెట్టావు కదా. ఆ పొద్దున నేను కొట్టు తెరిచి, రేడియో పెట్టి, మిషను ముందు తల వంచుకుని కూర్చున్నాను. ఎదురు కొట్టు ఇస్త్రీ ఆవిడ చేతిలో పెట్టె దించేసి మరీ వచ్చింది.

"అన్నా, అమ్మాయికి ఒంట్లో బాలేదా?"

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఇవాళ పిల్ల మాట్లాడలేదు, ఉత్త వాయిద్యం వేసి వదిలేశారు. రాత్రి చన్నీళ్ళు తాగి ఉంటుంది. వద్దని చెప్పు."

ఆమె అటు వెళ్ళిందో లేదో పిండిమర ఆయన తలనిండా పిండితో దిగాడు. అదే ప్రశ్న. "నీ మర మోతలో నీకు మా అమ్మాయి ఏం వినపడుతుందయ్యా?" అన్నాను. "వినపడదు. కాని రోజూ నా మోతలో ఇంకో సన్న మోత కలిసి ఉంటుంది. ఇవాళ అది లేదు. మరకే ఏదో అయిందనుకుని బెల్టు విప్పి చూశాను" అన్నాడు. ఆయన తర్వాత లెక్కల మేష్టారు. ఆయనా నీ గురించే.

ఇన్నేళ్ళూ "మా అమ్మాయి రేడియోలో మాట్లాడుతుంది" అని నేను చెబితే "అలాగా" అని గుండీలు పెట్టుకుని వెళ్ళిపోయినవాళ్ళే వీళ్ళంతా. నా కూతురి మాట ఎవరికీ పట్టదని లోపల ముల్లులా ఉండేది.

నీ ఉత్తరం అందాక ముగ్గురినీ నిలబెట్టి అడిగాను, స్టేషను నుంచి ఫోను వస్తే ఏం చెప్పారని.

"ఫోనులో ఎవరో పిల్ల వింటారా అనడిగింది. విననన్నాను" అంది ఇస్త్రీ ఆవిడ. "వినడానికి నాకు తీరికేదన్నా? ఊరికే పెట్టుకుంటాను. ముక్కూ మొహం తెలీని పిల్లతో అబద్ధం ఆడమంటావా?"

"నేనూ అంతే చెప్పానయ్యా" అన్నారు మేష్టారు. "వినడమంటే కదలకుండా కూర్చోవాలి. మధ్యలో ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి. నేను గడ్డం గీసుకుంటూ పెట్టుకుంటాను. దాన్నే వినడమంటే నా క్లాసులో వెనక బెంచీవాళ్ళు కూడా విన్నట్టే."

అదీ తల్లీ సంగతి. మీవాళ్ళ తప్పు లేదు, మావాళ్ళ తప్పు లేదు. తంటా అంతా ఒక్క మాట దగ్గర వచ్చింది. రేపే మీ స్టేషను పెద్దాయన గదిలోకి వెళ్ళు. ఇంకొక్కసారి అడిగించమను, ఈసారి "రేడియో పెట్టుకుంటారా?" అని. కుదరదంటే ఈ ముగ్గురినీ వెంటబెట్టుకుని నేనే బస్సెక్కుతాను. పిండిమర ఆయన పిండి దులుపుకోకుండానే వస్తానన్నాడు.

ఆ రాజీనామా కాగితం మాత్రం ఇవ్వకు.

చొక్కా చెయ్యి విప్పి మళ్ళీ కుడుతున్న
నాన్న


మా తల్లికి,

బోలెడు దీవెనలు. నీ జవాబు నేను చదవడమే కాదు, కొలతలిచ్చేందుకు వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఒకాయన నడుం కొలత తీసుకోవడం మరిచిపోయి పంపించేశాను. కొత్త మాటతో అడిగితే సగానికి పైగా ఇళ్ళవాళ్ళు పెట్టుకుంటామన్నారా? మీ పెద్దాయన ఇంకో ఏడాది నీ కార్యక్రమం ఉంచుతానన్నాడా? ఏడాది చాలు. తర్వాతి సంగతి తర్వాత చూసుకుందాం.

"అందరూ ముసలివాళ్ళే కదమ్మా, వీళ్ళు పోయాక ఎవరు?" అన్నాడని రాశావు. నిజమే, మేం పోతాం. కాని ముసలివాళ్ళు అయిపోయే సరుకు కాదని ఆయనతో చెప్పు. ఇవాళ మా కొట్టు ముందు బండి మీద దూసుకుపోయేవాళ్ళకీ ఒకనాటికి మోకాళ్ళు పట్టేస్తాయి, తెల్లారకముందే మెలకువ వస్తుంది, ఇంట్లో ఇంకో మనిషి గొంతు ఉంటే బాగుండుననిపిస్తుంది. అప్పటికి నువ్వు అక్కడ ఉండాలి.

"విననివాళ్ళు ఎందుకు పెట్టుకుంటారు?" అని కూడా అడిగాడట. దానికి జవాబు నేను చెబుతాను. ఆ మనిషిని నేనే.

రెండేళ్ళుగా నీ మాటలు నాకు అందడం లేదు తల్లీ. ఎదురుగా మనిషి ఉంటే పెదాలు చూసి ఎలాగో లాక్కొస్తాను. రేడియోకి పెదాలు లేవు కదా. గొణుగుడు తప్ప ఏమీ తెలిసేది కాదు. నువ్వు సెలవు పెట్టిన రోజు, రేడియో పక్కనే కూర్చుని కూడా, వచ్చేది వాయిద్యమని నాకు తెలియలేదు. ఇస్త్రీ ఆవిడ చెబితేనే తెలిసింది. రోజూ ఆమె మొహమే చూసేవాణ్ణి. ఆమె నవ్విందంటే నువ్వేదో చమత్కారం చెప్పావన్నమాట. ఇస్త్రీపెట్టె ఆగిందంటే మనసుకు తగిలే మాటేదో అన్నావన్నమాట. మాట అందకపోయినా నువ్వు అక్కడ ఉన్నావని తెలిస్తే చాలు, మిషను తొక్కడానికి నాకు కాళ్ళు వచ్చేవి. నీకు చెప్పలేదు. కన్నతండ్రికే వినపడనప్పుడు ఇంకెవరికోసం మాట్లాడాలని నువ్వు నీరుగారిపోతావేమోనని. చెవికి మిషను పెట్టించుకోమని మీ అమ్మ పోరుతుంటే, అది పెట్టుకుంటే ముసలాడినైపోతానని మొండికేశాను.

నిన్ను పట్టు విడవద్దన్నవాణ్ణి, నేను చెవులు మూసుకు కూర్చుంటే ఏం బాగుంటుంది? మొన్న వెళ్ళి పెట్టించుకున్నాను. ముందు నా కత్తెరే వినపడింది. గుడ్డని అంత కరకరా నమిలేస్తుందని మరిచేపోయాను. ఇస్త్రీ ఆవిడ "ఎలా ఉందన్నా?" అని ఒక్క అరుపు అరిస్తే అదిరిపడ్డాను. ఇన్నాళ్ళూ నా కోసమే అలా అరిచేదట పాపం. ఇంటికి రాగానే మీ అమ్మ "నా మాట వినడానికి అక్కర్లేని మిషను కూతురి మాటకి కావలసివచ్చిందే" అని దెప్పింది. అదీ స్పష్టంగానే వినపడింది.

ఇవాళ పొద్దున రేడియో పెట్టాను. ఎప్పటిలా "శ్రోతలకు నమస్కారం" అంటావనుకున్నాను. "రేడియో పెట్టుకున్న అందరికీ నమస్కారం. విన్నా సరే, వినకపోయినా సరే" అన్నావు. ఎదురు కొట్టులో ఇస్త్రీపెట్టె ఆగింది. ఇక ఆమె మొహం చూడవలసిన పని నాకు లేదు. అయినా చూశాను.

"నన్నేనన్నా ఆ పిల్ల అంది" అంది.

"నన్ను" అన్నాను నేను. ఇంకా తేలలేదు.

చెవిలో ఒకటి, బల్ల మీద ఒకటి,
రెండూ పెట్టుకున్న
నాన్న